మోటారు మీద పసుపు రంగు నెంబరు

అల్లూరు నుంచి ఇసకపల్లె సముద్రం దాకా ఏ రొయ్యల గుంట గట్టు మీద నిలబడి చూసినా సరే, నీళ్ళను చిలికే ఏరియేటర్లకు బిగించిన మోటార్లలో సగానికి సగం షాహిదక్క చేతి మీద బాగుపడినవే. ఈ సంగతి ఆ గుంటల రైతుల్లో ఒక్కడికీ తెలవదు. వాళ్ళకు తెలిసిందల్లా మోటారు మీద పసుపు రంగుతో రాసిన ఒక పేరు, ఒక ఫోన్ నెంబరు. పేరు హనీఫా. హనీఫన్న షాహిదక్క మొగుడు.

నేను మాలకొండమ్మని. వాళ్ళింటికి ఎదురుగా నాది జిరాక్సు అంగడి. జిరాక్సే కాదు, రీచార్జీలు, కరెంటు బిల్లులు, ఆధార్ ప్రింట్లు, పిల్లోళ్ళ హాల్ టికెట్లు అన్నీ చేస్తా. నా నోరు మంచిది కాదని బజారంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నోరు మంచిదైనోళ్ళు ఈ కాలంలో కంపెనీలతో ఏం సాధించుకున్నారో నేను చూస్తానే ఉండా గదా!

షాహిదక్క పుట్టిల్లు ఆత్మకూరు దగ్గర. వాళ్ళ నాయన బోరు మోటార్లు చుట్టే మనిషి. ఆయన పక్కన కూర్చోని చిన్నప్పుడే పని పట్టేసింది ఈ యమ్మ. పెళ్ళయి అల్లూరు వచ్చేసరికి హనీఫన్న ఫిట్టర్‌గా ఉండాడు. బోల్టు బిగించడంలో, బేరింగు మార్చడంలో ఆయన్ని మించినోడు లేడు గానీ, సన్న తీగ పట్టుకోని గంటలు గంటలు చుట్లు లెక్కబెట్టే ఓపిక ఆయనకు యాడిది? ఆ ఓపిక షాహిదక్కది. కాలిపోయిన మోటారు లోపలి తీగంతా పీకేసి, కొత్త రాగితీగ చుట్టలు చేసి, ఒక్కో గాడిలో కాగితం పరిచి, వెదురుబద్దతో ఆ చుట్టను లోపలికి నొక్కి, దారంతో కట్టి, వార్నీషు పోసి ఎండబెట్టేదాకా ఆ పనంతా వెనక వసారాలో ఆ యమ్మదే. బయటి పనంతా ఆయనది. మోటారు తెచ్చేది, బిగించేది, రైతుతో మాట్లాడేది ఆయన. చివరికి కుంచె తీసుకోని పసుపు రంగుతో పేరూ నెంబరూ రాసేది గూడా ఆయనే.

రైతులు పొగిడితే వచ్చి అన్నం తింటా చెప్పేవాడు. "నా చేయి దేవుడిచ్చిన చేయంట షాహిదా, ఈ పొద్దు ఊటుకూరాయన అన్నాడు" అని ఆయన చేతిని ఆ యమ్మ చేతి పక్కన పెట్టి నవ్వేవాడు. "పొగిడిచ్చుకో, పొగిడిచ్చుకో. రేపు మోటారు కాలితే తిట్లు గూడా నీకే" అనేది ఆ యమ్మ. అంతే, వాళ్ళ మధ్య దాని గురించి అంతకు మించి మాటే లేదు. ఆడమనిషి చుట్టిందంటే రైతు అనుమానపడతాడని ఇద్దరికీ తెలుసు. ఆయన పనిగట్టుకోని దాచలేదు, నోరు తెరిచి చెప్పనూ లేదు.

రొయ్యల సంగతి తెలవనోళ్ళకు ఒక మాట చెప్పాల. గుంటలో మోటారు ఆగితే రొయ్యకు గాలి అందదు. నీళ్ళ పైకొచ్చి నోరు తెరుస్తుంది. కాసేపట్లో మోటారు తిరగలేదంటే గుంటంతా తెల్లగా తేలిపోతుంది. అందుకే మోటారు కాలిన రైతు పెళ్ళానికన్నా ముందు హనీఫన్నకు ఫోన్ చేస్తాడు. వాళ్ళింట్లో ఎప్పుడూ ఒక మోటారు సిద్ధంగా ఉంటుంది. ముందు అది బిగించి, కాలినదాన్ని ఇంటికి తెస్తారు. ఆ నెంబరు మీదనే ఆ ఇల్లు నడిచింది.

ఇక ఈ నెట్టు సంగతి. వాళ్ళ కూతురు షమా డిగ్రీ చదువుతా, నాయన్ని పోరు పెట్టి ఇంటికి ఫైబరు నెట్టు పెట్టించింది. కంపెనీవాడు తియ్యగా చెప్పినాడు. ఇంటి నెట్టు, హనీఫన్న ఫోన్ నెంబరు, రెండూ ఒకే ప్లాను, ఒకే బిల్లు, ఒకే పేరు మీద. మొదట్లో బాగానే ఉండింది. రైతులు కాలిన మోటారు ఫోటో పంపేవాళ్ళు. చుట్టిన మోటారు తిరిగేది వీడియో తీసి షమా పంపేది. గట్టు మీద నిలబడే రైతు చూసుకోని, "సరే, పంపించు తల్లీ" అనేవాడు. పని పెరిగింది. షాహిదక్క తమ్ముడు తహీర్ మోటార్లు చేరేసేదానికి పాత ఆటో ఒకటి కొన్నాడు.

ఆ తర్వాత మొదలైంది చూడండి మా కర్మ! ఆ తీగను కరెంటు స్తంభాలకు తోరణం మాదిరి కట్టుకుంటా పోయినారు. వరికోత మిషను పోతే తెగుతుంది. మేత లారీ పోతే తెగుతుంది. సముద్రపు గాలి గట్టిగా కొడితే ఏమీ తెగకుండానే పోతుంది. నా అంగడికీ అదే కంపెనీ. ఫోన్ చేస్తే, తెలుగుకు రెండు నొక్కమంటారు. నొక్కినాక పాట. పాటయినాక ఒకామె గొంతు, "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని. ముఖ్యమైతే ఎత్తవే మరి! కాసేపటికి ఫోన్‌కు మెసేజి వస్తుంది, మీ సమస్య పరిష్కరించబడింది అని. నెట్టు రాలేదు, మనిషి రాలేదు, సమస్య మాత్రం పోయిందంట. ఒకసారి షమాకు ఏం వచ్చిందో తెలుసా? మా సిబ్బంది వచ్చినారు, మీ ఇంటికి తాళం వేసి ఉంది అని. ఆ ఇంటి తలుపుకు తాళం వేసింది నా జన్మలో నేను చూడలేదు.

ఎండలు ముదిరినాక ఒక పైటాల హనీఫన్న మధ్యాహ్నం నమాజుకు పోయొచ్చి, మంచినీళ్ళు ఇమ్మన్నాడు. షాహిదక్క చెంబు తెచ్చేలోపల గోడకు ఒరిగిపోయినాడు. గుండె. నేను రోడ్డు దాటి పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. అంత మనిషి, పొద్దున నా అంగడి ముందర నిలబడి నా మీద ఎకసెక్కాలాడిన మనిషి, అట్టా పోయినాడు.

మా బజారుకు తెలుసు ఇద్దత్ అంటే ఏందో. మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు. దగ్గరి రక్తసంబంధం లేని మొగోళ్ళ ముందుకు రాకూడదు. షాహిదక్క గాజులు తీసేసి వెనక వసారాలో కూర్చుంది. తమ్ముడు కాబట్టి తహీర్ రావచ్చు. ఆడదాన్ని కాబట్టి నేను పోవచ్చు.

మట్టి చేసిన మూడో రోజే హనీఫన్న ఫోన్ మోగింది. ఎవురో భీమవరం నుంచొచ్చి ఇక్కడ గుంటలు కౌలుకు తీసుకున్న రైతు. షమా ఫోన్ పట్టుకోని తల్లి మొహంలోకి చూసింది. షాహిదక్క తలూపింది. ఆ బిడ్డ గొంతు సవరించుకోని, "నాన్న పనిలో ఉన్నాడండీ. మోటారు మీ మనిషి చేత పంపించండి, చుట్టి పంపిస్తాం" అనింది. ఫోన్ పెట్టేసి గోడకు తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చినా.

అబద్ధమే. కాదనను. కానీ బజారులో చావు కబురు విన్న ఒకరిద్దరు రైతులు అప్పటికే వాళ్ళ మోటార్లు నెల్లూరుకు మోసేసినారు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. దూరం గుంటలోళ్ళకు తెలిసిందంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మోటారు చుట్టే చేయి అదే, తీగ అదే, ఎండబెట్టే ఎండ గూడా అదే. అందుకని షమా ఫోన్ ఎత్తేది, తహీర్ తెచ్చేవాడు, షాహిదక్క కళ్ళు తుడుచుకుంటా చుట్టేది. తహీర్ పసుపు రంగు డబ్బా తీసి, బావ రాసినట్టే ఆ పేరూ ఆ నెంబరూ రాసేవాడు. నెల పైన అట్టా జరిగిపోయింది.

అప్పుడు నెట్టు పోయింది. ఒకనాడు గాదు, వారం. వీడియోలు పోవడం లేదు. రైతులు, "ఏంది, ఈ మధ్య హనీఫా మాట్లాడడు, వీడియో గూడా పంపడు?" అని గొణగడం మొదలుపెట్టినారు. షమా రోజూ కంప్లయింటు పెట్టేది. కంపెనీవాళ్ళు తిరిగి ఫోన్ చేసింది ఏ రోజనుకున్నారు? నలభయ్యో రోజు. ఇంట్లో హనీఫన్న పేరు మీద ఫాతిహా చదివించి, నలుగురికీ అన్నం పెడతా ఉండారు. షమా వడ్డిస్తా ఉండాది. ఫోన్ తహీర్ ఎత్తినాడు.

"హనీఫా గారేనాండీ మాట్లాడేది? ఖాతాదారుతోనే మాట్లాడాలి" అని అవతల ఒక పిల్ల.

మన దేశంలో ఈ ప్రశ్నకు ఎవురైనా ఏం చెప్తారు? "ఆఁ, నేనే" అంటారు. నా అంగడి కనెక్షను మా ఇంటాయన నరేంద్రబాబు పేరు మీద ఉండాది. నా ఆడగొంతు విని "చెప్పండి నరేంద్రబాబు గారూ" అన్నోళ్ళు ఎంతమందో! నేనూ సిగ్గు లేకుండా చెప్పుకుంటా పోయినా. తహీర్ మాత్రం తలమీద టోపీ గూడా తీయలేదు, బావ కోసం చేతులెత్తి దువా చేసి అప్పుడే లేచినాడు. ఆ నోటితో నేనే హనీఫా అని ఎట్టా అంటాడు?

"ఆయన లేరమ్మా. పోయి ఈ రోజుకు నలభై రోజులు" అన్నాడు.

అవతలి పిల్ల, "అయ్యో, సారీ సార్. వివరాలు నమోదు చేసుకుంటున్నాం" అనింది. నిజంగానే నమోదు చేసుకుంది. సందకాడికి నెట్టు రాలేదు సరిగదా, హనీఫన్న ఫోన్‌లో సిగ్నలు గూడా పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఎంత తిప్పి తిప్పి పెట్టినా ఆ సిమ్ము మళ్ళీ పలకలేదు.

నేను తహీర్‌ని తిట్టిన తిట్లు వాడి జన్మలో ఎవురూ తిట్టుండరు. వాడు నెత్తి కొట్టుకుంటా కూర్చున్నాడు. షాహిదక్కే నన్ను ఆపింది. "వదిలెయ్ మాలకొండమ్మా. ఫాతిహా చదివిన నోటితో అబద్ధమాడమని నేనైనా ఎట్టా చెప్పేదాన్ని" అనింది.

మర్నాడే నేనూ తహీరూ నెల్లూరులో కంపెనీ ఆఫీసుకు పోయినాం. అద్దాల తలుపు, లోపల చల్లగా ఏసీ, చేతికి టోకెను. మా వంతు వచ్చేసరికి సుశీల్ కుమార్ అని బొమ్మకార్డు మెడలో వేసుకున్న పిల్లోడు నవ్వుతా కూర్చోమన్నాడు.

"నెంబరు మళ్ళీ పనిచేయాలంటే ఖాతాదారు రావాలి అక్కా" అన్నాడు.

"ఖాతాదారు ఖబరస్తాన్‌లో ఉండాడు. నువ్వు పోయి పిలుచుకోని రా, పో!" అన్నా. తహీర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ పిల్లోడి నవ్వు పోయింది. కంప్యూటర్లో ఏందో చూసి, "అయితే వారసుల పేరుకు మార్చాలి. భార్యయితే ఆమే స్వయంగా రావాలి. వేలిముద్ర, ఫోటో ఇక్కడే తీయాలి" అన్నాడు. ఆ యమ్మ ఇద్దత్‌లో ఉండాదని, ఎందుకు రాకూడదో తహీర్ నిమ్మళంగా చెప్పినాడు. పిల్లోడు శ్రద్ధగానే విన్నాడు. విని, "ఇంట్లో నుంచే వీడియోలో చేసుకోవచ్చక్కా. మీకు లింకు వస్తుంది" అన్నాడు.

"ఏ నెంబరుకు వస్తుందయ్యా ఆ లింకు?"

"ఖాతాలో ఉన్న నెంబరుకే."

"ఆ నెంబరే గదయ్యా మీరు కోసేసింది!"

వాడు తెరవైపు చూసినాడు, నావైపు చూసినాడు. "సిస్టం అట్టా ఉంది మేడం, నా చేతిలో లేదు" అన్నాడు. అక్కనల్లా మేడమ్‌ని అయిపోయినా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు, ఇక్కడ దేవుడెవడో గూడా మాకు తెలవలేదు. ఇంకో నాలుగు మాటలనేసి బస్సెక్కినాం. చెడ్డపిల్లోడు గాదు వాడు. అదే నా కడుపుమంట, తిట్టేదానికి ఒక చెడ్డోడు గూడా ఆ ఆఫీసులో దొరకలేదు.

షమా పేరు మీద కొత్త సిమ్ము తీసుకున్నాం. తహీర్ ఆటో వేసుకోని గుంట గుంటకూ తిరిగి దొరికినోళ్ళకు కొత్త నెంబరు చెప్పొచ్చినాడు. వాళ్ళు సరే అంటారు, తిరిగే మోటారు ఆపి మీది నెంబరు మార్చనియ్యరు. కానీ గుంటల మీద కాపలా ఉండేది రైతులు గాదు, నెలకొకడు మారే కాపలా మనుషులు. మోటారు ఆగినప్పుడు వాడికి తహీర్ మాట గుర్తుండదు, మోటారు మీద నెంబరే కనిపిస్తుంది. అదే కొడతాడు. అది పలకదు.

చెంచురామయ్య గుంటలో అదే జరిగింది. ఇసకపల్లె దోవలో రెండెకరాల గుంట ఆయనది. రాత్రి మోటారు కాలితే, కాపలావాడు మోటారు మీది నెంబరుకు చేసి చేసి, చివరికి రైతును లేపేసరికి ఆలస్యమైంది. రొయ్యలన్నీ తేలినాయి. తెల్లారి కాలిన మోటారు బండికి కట్టుకోని వాళ్ళింటి ముందరికొచ్చి, "హనీఫా! ఫోన్ ఆపుకోని యాడ దాక్కున్నావయ్యా? నా కొంప కూలింది, రా బయటికి!" అని కేకలేసినాడు. బజారంతా తలుపులు తెరిచింది. నేను అంగడి వదిలి పరిగెత్తి, "ఆయన లేడన్నా, పోయి రెండు నెలలైంది" అని చెప్పినా.

ఆయన తలకు చుట్టిన తువ్వాలు తీసి మెట్టు మీద కూలబడినాడు. "అయ్యో, అయ్యో, నాకెవురూ చెప్పలేదే" అని నిజంగానే బాధపడినాడు. కళ్ళు తుడుచుకున్నాక అడిగినాడు, "మరి నెల ముందర నాకు మోటారు చుట్టి పంపింది ఎవురు?"

తహీర్ నసుగుతా, "ఇంట్లోనే అన్నా... మా అక్క..." అన్నాడు.

చెంచురామయ్య వాకిట్లో వేలాడే పరదా వైపు చూసినాడు. దాని వెనక షాహిదక్క ఉండాదని ఆయనకు అర్థమైంది. గొంతు తగ్గించి, "ఏమనుకోవద్దు తహీరూ. అందుకేనేమో నెలకే కాలింది. హనీఫా చుట్టింది ఆరేళ్ళు తిరిగింది నా గుంటలో. ఆడకూతురు చుట్టిన మోటారును నమ్ముకోని గుంట వెయ్యలేను నాయనా" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు తిరిగిన మోటారు ఎవురు చుట్టినారో చెప్పేదానికి నోరు తెరిచినా. పరదా వెనక నుంచి, "మాలకొండమ్మా" అని ఒక్క పిలుపు వినిపించింది. గట్టిగా గూడా గాదు. నేను గమ్మునైపోయినా. ఆయన మోటారును మళ్ళీ బండికి కట్టుకోని నెల్లూరు దోవ పట్టినాడు.

లోపలికి పోయి విరుచుకపడినా. "ఎందుకు ఆపినావు నన్ను? ఆయన పని మంచిదంట, నీ పని చెడ్డదంట! రెండూ నీ పనే గదా! ఎన్నాళ్ళని నోరు కట్టుకోని కూర్చుంటావు?"

షాహిదక్క చేతిలో తీగ చుట్ట అట్టనే ఉండాది. "ఆయన చేయి మంచిదని నమ్మినారు మాలకొండమ్మా. ఆ పేరొక్కటే మిగిలింది ఆయనకు. మట్టిలో ఉండే మనిషి చేతిని నేనే అబద్ధమని చెప్పాలా?" అనింది. ఆ యమ్మ దిగులు బువ్వ గురించే అనుకుంటా ఉండా నేను ఇన్నాళ్ళూ.

ఆ వారంలోనే షాహిదక్క తనంతట తనే ఆఫీసుకు వస్తాననింది. తహీర్ మసీదు పెద్దాయన్ని అడిగొచ్చినాడు. బతుకుతెరువు కోసమైతే పగటిపూట పోయి, చీకటి పడేలోపల ఇల్లు చేరితే తప్పు లేదన్నాడంట ఆయన. తప్పు లేదన్నా, ఆ యమ్మ గడప దాటేముందు రెండుసార్లు వెనక్కి పోయొచ్చింది. బురఖా వేసుకోని, నెల్లూరు దాకా ఆటోలో మూలకు ముడుచుకోని కూర్చుంది.

సుశీల్ కుమార్ వేలిముద్ర మిషను ముందుకు జరిపినాడు. పెట్టింది. రాలేదు. తుడిచి పెట్టింది, రాలేదు. పది వేళ్ళూ పెట్టించినారు. ముప్పయ్యేళ్ళు రాగితీగ లాగి లాగి, వార్నీషులో నాని, ఆ వేళ్ళ మీద గీతలే లేవు. అప్పుడు మొహం ఫోటో తీస్తామన్నారు. చుట్టూ మొగోళ్ళు. షాహిదక్క నా వైపు చూసింది. నేను అడ్డంగా నిలబడి నా పైట చెంగు పరిచినా. ఆ యమ్మ మొహం మీది గుడ్డ పైకెత్తింది. "కళ్ళు ఆర్పండమ్మా" అన్నాడు ఆ పిల్లోడు. ఆర్పింది. నీళ్ళు రాలినాయి. ఫోటో బాగా వచ్చిందన్నాడు.

"అయిపోయిందమ్మా. వారంలో నెంబరు వస్తుంది" అని చెప్పి, ఈసారి లేచి నిలబడి పంపించినాడు. వారం పోయింది. నెల పోయింది. ఫోన్ చేస్తే మీ దరఖాస్తు పరిశీలనలో ఉందంటారు. వసారాలో రాగితీగ రీళ్ళు అట్టనే ఉండిపోయినాయి. వారానికొక మోటారు రావడమే గగనమైంది. తహీర్ ఆటోలో మోటార్ల బదులు మేత బస్తాలు వేసుకోని తిరిగినాడు. షమా రోజూ పొద్దున్నే కొత్త ఫోన్‌లో నుంచి నాయన నెంబరుకు చేసి చూసేది. ఈ నెంబరు ఉపయోగంలో లేదని చెప్పేది ఆ మిషను గొంతు. ఆ బిడ్డ అదే వినేది, పెట్టేసేది.

ఇద్దత్ అయిపోయిన రోజు చుట్టాల ఆడోళ్ళు కొత్త చీర తెచ్చినారు. నేనూ పోయినా. షాహిదక్క స్నానం చేసొచ్చి చాప మీద కూర్చుంది. విసిగి వారం రోజులుగా మానుకున్న షమా, ఆ పొద్దు మళ్ళీ నాయన నెంబరు కొట్టి చెవికి పెట్టుకుంది. ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"అమ్మా! రింగవతా ఉండాది! నాన్న ఫోన్ రింగవతా ఉండాది!"

అందరం లేచినాం. షాహిదక్క చేతులు గుండె మీద పెట్టుకుంది. వచ్చేసింది, నెంబరు వచ్చేసింది అని నేను కేకేసినా గూడా. షమా స్పీకరు పెట్టింది. అవతల ఎత్తినారు.

"హలో, ఎవరండీ?" అనింది ఒక ఆడగొంతు. మా వైపు గొంతు గాదు.

అవతలామె విసుగ్గా, "మీరు కూడా మోటారు కోసమేనా? ఎన్నిసార్లు చెప్పాలండీ, ఇక్కడ హనీఫా గారు ఎవరూ లేరు" అనింది.

"హనీఫా మా నాన్న" అనింది షమా.

అవతల ఆమె గొంతు మారింది. తన పేరు రెజీనా అని చెప్పింది. తెనాలిలో బట్టల కొట్టులో పని చేస్తుందంట. నాలుగు రోజుల ముందర కొత్త సిమ్ము కొంటే ఈ నెంబరిచ్చినారంట. పెట్టిన రోజు నుంచీ రాత్రీ పగలూ మోటారు మోటారని ఒకటే ఫోన్లంట. షమా ఏడుస్తా జరిగిందంతా చెప్పింది. ఆ నెంబరు మాకు తిరిగి ఇచ్చేయమని అడిగింది.

"ఇచ్చేద్దును తల్లీ. ఈ ఫోన్లు పడలేక నెంబరు మార్చండని నేనే ఆఫీసుకి వెళ్ళాను. నేను వదిలేస్తే ఇది ఇంకొకరికి పోతుందట, ఎవరికి పోతుందో వాళ్ళకే తెలియదట" అనింది రెజీనా. మళ్ళీ తనే, "మొన్న తెల్లవారుజామున ఒకాయన ఏడ్చాడమ్మా. రొయ్యలు తేలుతున్నాయి, హనీఫా గారికి ఒక్కసారి ఇవ్వండి, ఆయన చేయి పడితే చాలు అని. రాంగ్ నెంబరని పెట్టేశాను. మీ సంగతి నాకు తెలీదు కదా" అనింది.

షాహిదక్క ఆ ఫోన్ వైపే చూస్తా ఉండాది.

"ఇకనుంచి ఎవరు చేసినా మీ కొత్త నెంబరు నేనే చెప్తాను. నాకదేం బరువు కాదు. కానీ అందరూ ఆయన్నే అడుగుతారమ్మా, ఏం చెప్పమంటారు? ఊరెళ్ళారని చెప్పనా?" అని అడిగింది రెజీనా.

షమా తల్లి వైపు చూసింది, మూడో రోజు చూసినట్టే. ఈసారి షాహిదక్క తలూపలేదు. చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. నిజం చెప్పమని ఈసారి నేను గూడా అనలేకపోయినా.

"లేడని చెప్పు తల్లీ" అనింది. "హనీఫా చనిపోయినాడని చెప్పు. ఆ ఏడ్చినాయన మళ్ళీ చేస్తే, చేయి మాత్రం ఉండాదని చెప్పు. ఆయన ఉండగా చుట్టిందీ నేనే, ఇప్పుడు చుట్టేదీ నేనే. మోటారు పంపించమని చెప్పు."

"ఎవరు చుట్టేదని చెప్పనమ్మా? మీ పేరు?"

"షాహిదాబీ."

"సరిగ్గా వినపడలేదమ్మా, రాసుకుంటాను, ఇంకోసారి చెప్పండి" అనింది రెజీనా.

షాహిదక్క ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకోని, వీధిలోకి వినపడేంత గట్టిగా మళ్ళీ చెప్పింది.